నాలుగో అంతస్తు, ఏడో మెట్టు

దుకాణం ఒకటే గది. మధ్యలో చెక్క అడ్డం. ఎడమవైపు మెకానిక్ పాడైన గేమ్ కన్సోళ్లు బాగుచేస్తాడు. కుడివైపు ఆయన బావమరిది కంప్యూటర్లు బిగిస్తాడు. అడ్డం కప్పుదాకా లేదు. పైన మూరెడు సందుంది. మనిషి దూరలేడు గాని మాట దూరుతుంది.

పదమూడేళ్లుగా ఆ సందులోంచి దూరుతున్నది ఒకే తగాదా. వీడియో గేముల్ని ఇంతదాకా తెచ్చింది కన్సోలా, కంప్యూటరా?

బావమరిది లెక్కలో ఏ ఆటైనా పుట్టేది కంప్యూటర్ కడుపులోనే. కన్సోల్ మీద ఆడే ఆటని కూడా ఎవరో ఒకరు కంప్యూటర్ ముందు కూర్చునే రాయాలి. కొత్త వేగం, కొత్త వెలుగు, కొత్త బొమ్మ ముందుగా వచ్చేది అక్కడికే. కన్సోల్ అంటే మూత తీయనివ్వని డబ్బా. సొంత డబ్బులు పోసి కొన్న వస్తువు లోపల ఏముందో చూసుకోవడానికి కూడా లేకపోతే, అది కొనుక్కున్నట్టా, కాపలా కాస్తున్నట్టా అని అతని ప్రశ్న. అతనికి చుట్టుపక్కల వాళ్లు పెట్టిన పేరు సెట్టింగు. పెళ్లి ఫొటో ఇచ్చినా ముందు దాని వెలుతురు సరిచేసి ఆ తరవాతే ఎవరెవరున్నారో చూస్తాడు.

మెకానిక్ అంత పొడుగు మాట్లాడడు. కంప్యూటర్ లేకపోతే ఆట పుట్టదు, నిజమే. కన్సోల్ లేకపోతే పుట్టినచోటే చచ్చిపోయేది అంటాడు. చదువుకున్న నలుగురి గదిలోంచి ఆటని లాక్కొచ్చి ఇంటింటి టీవీ ముందు కూర్చోబెట్టింది కన్సోల్. పెట్టావా, నొక్కావా, ఆడావా. పడితే తప్పు నీది. యంత్రం అందరికీ ఒకటే కాబట్టి యంత్రం మీద నెట్టడానికి వీల్లేదు. ఆయనకి ఇందులో నచ్చేది ఈ చివరి మాటే. మనుషుల్ని కూడా అలాగే చూస్తాడు. సాకు చెప్పినవాణ్ణి రెండోసారి కౌంటర్ దగ్గర నిలబడనివ్వడు.

ఒకసారి ఒకాయన మౌసు పాడైందని వచ్చాడు. తలుపులోంచి రాగానే తప్పుగా ఎడమవైపు తిరిగాడు. అంతే, నలభై నిమిషాలు అటు మాట, ఇటు మాట వింటూ నిలబడిపోయాడు. చివరికి మౌసు అక్కడే వదిలేసి వెళ్లాడు. ఇప్పటికీ తీసుకోవడానికి రాలేదు.

తగాదా కిందున్న అసలు పుండు వేరు. మెకానిక్ భార్య ఒక పొలం ఆట ఆడేది. మూడేళ్లు, నూట నలభై గంటలు. చెరువు తవ్వింది, గొర్రెల్ని పెంచింది, ఊరందరితో మాట కలిపింది. ఆ పొలమంతా ఒక చిన్న మెమరీ కార్డులో ఉండేది. ఆమె తమ్ముడు, అంటే ఈ బావమరిదే, వచ్చి ఆ కార్డు నెమ్మదిగా ఉందని అంతా తుడిచేసి, కొత్తదానిలా చేసి ఇచ్చాడు. పైగా "ఇప్పుడు చూడక్కా, ఎంత చురుగ్గా ఉందో" అన్నాడు. ఆమె నవ్వింది. మళ్లీ మొదటి గొర్రె కొంది. రెండో పొలంలో సగం కంచె వేసి పోయింది. ఆమె పోయి ఆరేళ్లు. ఆమె ఆరోజే క్షమించింది. మెకానిక్ ఇంకా క్షమించలేదు, క్షమించే ఆలోచన కూడా లేదు.

ఈ ఇద్దరి మధ్యా నలిగేది మెకానిక్ కూతురు. పగలు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. సాయంత్రాలు నాలుగేళ్లుగా ఒక ఆట తయారుచేస్తోంది. పది అంతస్తుల మేడ. లిఫ్టు పాడైంది. చేతిలో కూరల సంచితో ఒక ముసలమ్మ పైకి ఎక్కాలి. అంతే ఆట. ప్రతి అంతస్తులో ఎవరో ఒకరు తలుపు తీసి మాట్లాడతారు. నిలబడి వింటే మోకాలి నొప్పి తగ్గుతుంది, కూరలు వాడిపోతాయి. వినకుండా పోతే కూరలు బాగుంటాయి, మోకాలు మొరాయిస్తుంది. చెప్తే ఇంతే గాని, ఆడితే చేతులు ఊరుకోవు.

ఏటా జరిగే ఆటల ప్రదర్శనలో కొత్తవాళ్లకి ఆరు బల్లలు ఇస్తారు. ఆట చేసే కంపెనీల వాళ్లు వచ్చి చూసి పనిలోకి తీసుకునేది ఆ బల్లల దగ్గరే. ఎంపిక చేసే ఆవిడ ముందు పదిహేను నిమిషాలు ఆట నడిపించాలి. ఒక ఆటకి ఒకే అవకాశం. కాదంటే అదే ఆటతో మళ్లీ రాకూడదు. కూతురికి శనివారం పదకొండింటికి పిలుపొచ్చింది. ఈ ఆట పోతే ఇంకో ఆట చెయ్యడానికి ఇంకో నాలుగేళ్లు. అద్దాలు అరగదీసి అరగదీసి అప్పటికి తన కళ్లే అరిగిపోతాయని ఆమె భయం.

పిలుపుతో పాటు ఒక ఫారం వచ్చింది. అందులో రెండు గడులు. కన్సోల్, కంప్యూటర్. ఒకదాంట్లో టిక్కు పెట్టాలి.

ఆ ఫారం ఇంట్లో బల్ల మీద పెట్టడమే ఆమె చేసిన పొరపాటు. వారం రోజులు ఆ ఇంట్లో ఎవరూ సుఖంగా అన్నం తినలేదు. తండ్రి దగ్గర ఇంట్లో చేసిన ఆటలు కూడా ఎక్కించుకోగల పాత కన్సోల్ ఒకటుంది. ఆట దాని మీద చక్కగా నడుస్తుంది, ఇంకేం కావాలని ఆయన. పుట్టిల్లైన కంప్యూటర్ మీద ఆడితేనే ఆట అందం తెలుస్తుందని మేనమామ. ఫారం మీద కూర పడింది. అది ఎవరి చెయ్యి అన్నదానిమీద ఇంకో పూట నడిచింది.

చివరికి కూతురు తీర్పు చెప్పింది.

"ఇద్దరూ చెరో యంత్రం మీద మొదటినుంచి చివరిదాకా ఆడండి. ఎక్కడ తప్పు కనపడితే అక్కడ కాగితం మీద రాయండి. ఎవరి కాగితం నాకు ఎక్కువ పనికొస్తే వాళ్ల గడిలో టిక్కు."

మెకానిక్ ఆదివారం మధ్యాహ్నం తలుపు గడియ పెట్టి కూర్చున్నాడు. నాలుగో అంతస్తు దాకా బాగానే ఎక్కాడు. ఏడో మెట్టు మీద కుడికాలు పెట్టగానే ముసలమ్మ మెట్టులోంచి కిందకి జారిపోయింది. మూడంతస్తులూ దాటి వీధి గుమ్మం ముందు పడింది. కూరలు చిందరవందర. ఆయన పళ్లు బిగించి మళ్లీ ఎక్కాడు. మళ్లీ పడింది. ఇలా సోమవారం, మంగళవారం. ఎన్నోసారి పడ్డాడో గోడ క్యాలెండరు పక్కన గీతలు పెట్టుకున్నాడు. అరవై మూడు గీతలయ్యాక కిటుకు దొరికింది. ఆరో మెట్టు మీద ఆగాలి, ఒక మెట్టు వెనక్కి దిగాలి, అక్కడినుంచి ఎనిమిదో మెట్టు మీదకి గెంతాలి. అలా దాటినప్పుడు గదిలో ఒక్కడే లేచి నిలబడ్డాడు. భార్య పోయాక ఆయన దేనికీ అంత సంతోషపడలేదు. సంతోషపడ్డందుకు వెంటనే తనమీద తనకే కోపమొచ్చి కూర్చున్నాడు.

కాగితం మీద రాసింది రెండు ముక్కలు. తప్పులు లేవు. నాకే చేతకాలేదు.

ఏం చేతకాలేదని కూతురు అడిగింది. ఏదో ఒకటి, ఇప్పుడు వచ్చిందిలే అని ఆయన లేచి వెళ్లిపోయాడు.

బావమరిది తొమ్మిది కాగితాలు రాశాడు. అక్షరాల నీడ పడాల్సినంత పడటం లేదు, మెట్ల అంచులు గరుగ్గా ఉన్నాయి, శబ్దం ఎడమ చెవికి వెంట్రుకవాసి ముందు వినపడుతోంది. ఏ అంతస్తు దాకా వెళ్లావు మావయ్యా అని అడిగితే, ముందు అన్నీ సర్దుకోనీ, ఎక్కడం ఎంతసేపు అన్నాడు. అతను రెండో అంతస్తు చూడలేదు. కూతురు రెండు కాగితాలు చదివి మిగతావి మడిచి సంచిలో పెట్టుకుంది. టిక్కు పెట్టకుండానే శనివారం వచ్చేసింది.

రెండు యంత్రాలూ తీసుకెళ్దామంది. ఎంపిక జరిగే గదిలోకి ఆట తయారుచేసినవాళ్లకీ, యంత్రం మోసేవాళ్లకీ తప్ప ప్రవేశం లేదు. ఇద్దరు మగాళ్లూ చెరోటి ఎత్తుకుని, మూడంతస్తుల మెట్లు ఎక్కి, ముసలమ్మలాగే రొప్పుతూ వెళ్లారు.

ఎంపిక చేసే ఆవిడ పొట్టిగా, గంభీరంగా ఉంది. బల్ల మీద గడియారం, పక్కన చల్లారిన టీ. పొద్దుటినుంచి అప్పటికే ఐదు ఆటలు చూసినట్టుంది, ముఖంలో మెరుపు లేదు. ముందు కంప్యూటర్ పెట్టమంది.

బావమరిది ముఖం వెలిగిపోయింది. ఎందుకంటే నిన్న అతను ఎవరికీ చెప్పకుండా ఒక మంచి పని చేశాడు. దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా బలమైన గ్రాఫిక్స్ కార్డు తీసి మేనకోడలి ఆట కోసం ఇందులో బిగించాడు.

ఆట మొదలైంది. ముసలమ్మ తుపాకీ గుండులా మెట్లెక్కింది. తెరమీద సెకనుకి ఎన్ని బొమ్మలు మారితే ముసలమ్మ అన్ని అడుగులు వేసేలా రాసింది కూతురు. పాత యంత్రాల మీద అది నిదానమైన నడక. ఈ కొత్త కార్డు నాలుగింతలు బొమ్మలు చూపిస్తోంది, ముసలమ్మ నాలుగింతలు పరిగెడుతోంది. మడమ ఏ మెట్టు మీదా ఆననే లేదు. తలుపులు టపటపా తెరుచుకుని మూసుకున్నాయి. పక్కింటావిడ కష్టసుఖాలు కన్నుగీటేంతలో అయిపోయాయి. నిమిషం తిరక్కుండా ముసలమ్మ పదో అంతస్తు డాబా మీద కూరలతో నిలబడింది. కూరల మీద ఇంకా మంచు బిందువులున్నాయి.

ఆవిడ మొదటిసారి నవ్వింది.

"ఈవిడకి లిఫ్టు ఎందుకమ్మా?"

కూతురు ముఖం పాలిపోయింది. మెకానిక్ బావమరిది వైపు చూడలేదు. చూడకుండానే, "బిగించావా?" అని మెల్లగా అడిగాడు. బావమరిది తల ఊపాడు. అక్క మెమరీ కార్డు తుడిచిన రోజు కూడా అతని ముఖం సరిగ్గా ఇలాగే ఉంది.

కన్సోల్ పెట్టారు. ఇక్కడ ముసలమ్మ ముసలమ్మలా నడిచింది. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. రెండో అంతస్తులో అద్దెకున్నవాడి గోడు మొత్తం విన్నది. మూడో అంతస్తులో ఒకామె మాట మధ్యలో తుంచేసి సంచి పట్టుకుని పారిపోయింది, పారిపోతూ పెదవి కొరుక్కుంది. మెకానిక్ ఛాతీ కాస్త పొంగింది. నాలుగో అంతస్తు. ఏడో మెట్టు. ముసలమ్మ జారి వీధి గుమ్మం ముందు పడింది.

ఆవిడ మళ్లీ ఎక్కింది. మళ్లీ పడింది. కంట్రోలర్ బల్ల మీద పెట్టింది.

మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. చెయ్యెత్తి బడిలో పిల్లాడిలా చెప్పడం మొదలుపెట్టాడు. ఆరో మెట్టు మీద ఆగాలండి, ఒకటి వెనక్కి దిగాలి, అక్కడినుంచి గెంతాలి. అది కావాలని పెట్టిన గడ్డు మెట్టు అని కూడా చేర్చాడు. తనకి ఇందులో అబద్ధమేమీ కనపడలేదు.

ఆవిడ కూతురివైపు తిరిగింది. "కావాలనే పెట్టావా?"

అవునంటే సరిపోయేది. కూతురు రెండు క్షణాలు నేలచూపులు చూసింది.

"లేదండి. అది తప్పు. నాకు తెలీదు." తండ్రి వైపు చూసింది. "నీకు తెలుసా?"

"అరవై మూడుసార్లు పడ్డాను."

"మరి రాయలేదేం నాన్నా?"

"నీ ఆటలో తప్పుంటుందని నేనెందుకనుకుంటాను? నా చేతిలోనే ఉందనుకున్నాను."

కూతురికి కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఏడుపు వస్తే ఆపుకుంది. ఆవిడ మాత్రం గడియారం చూసింది. తొమ్మిది నిమిషాలున్నాయి, గంట కొట్టేటప్పటికి తెరమీద ఏది నడుస్తుంటే దాన్నిబట్టి రాస్తాను అంది. టీ కప్పు ఎత్తి, చల్లారిందని మళ్లీ దించింది.

కూతురు కంప్యూటర్ ముందుకి దూకింది. బాగుచెయ్యాలంటే ఆట పుట్టినచోటే చెయ్యాలి. కానీ మేడలో రెండు వందల మెట్లు, మెట్టుకి పది గీతలు. ఎక్కడని వెతుకుతుంది? మెకానిక్ ఆమె భుజం వెనక నిలబడ్డాడు. కళ్లు మూసుకుని చెప్పాడు. ఏడో మెట్టు, ముందు అంచు కాదు, వెనక్కి, గోడ పక్క, కుడి మడమ ఆనేచోటు, వేలి గోరంత. ఆమె అక్కడ పెద్దది చేసి చూసింది. వేలి గోరంత ఖాళీ. అది రెండేళ్లుగా అక్కడే ఉంది. కిందటి నెలలో ముసలమ్మ వెడల్పు చెప్పులు బాగాలేవని తీసేసి సన్న చెప్పులు తొడిగింది తనే. అప్పటినుంచి మడమ ఆ సందులో పడుతోంది.

సందు పూడ్చింది. ఇక పరుగు సంగతి. అడుగుల లెక్క మొత్తం తిరగరాయడానికి టైము లేదు. కార్డు పీకడానికి స్క్రూడ్రైవర్ లేదు. బావమరిది నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

"ఆరో కాగితం చూడు. మూడో పేరా. బొమ్మల వేగానికి హద్దు లేదు, పెట్టాలి అని రాశాను. ఎక్కడ పెట్టాలో కూడా రాశాను."

కూతురు సంచిలోంచి మడత కాగితాలు తీసింది. నిజంగానే రాశాడు. ఆమె రెండో కాగితం దగ్గరే ఆపేసింది. అతను చెప్పినచోట అరవై అని కొట్టింది. ముసలమ్మ మళ్లీ మోకాళ్లు పట్టుకుని నడిచింది.

నాలుగు నిమిషాలు. సరిచేసిన ఆటని కన్సోల్‌లోకి ఎక్కించాలంటేనే ఐదు పడుతుంది. కంప్యూటర్ మీదే ఆడాలి. ఆవిడ కీబోర్డు మీద చెయ్యి పెట్టింది, మెట్లు ఎక్కాల్సిన చెయ్యి టైపు కొడుతున్నట్టు తడబడింది. రెండు మెట్లెక్కి గోడని గుద్దుకుంది.

అప్పుడు మెకానిక్ తన కన్సోల్‌కి ఉన్న కంట్రోలర్ తీగ పట్టుకున్నాడు. పదమూడేళ్లలో ఆయన కంట్రోలర్ ఏదీ కంప్యూటర్‌లో గుచ్చలేదు. అలా గుచ్చినవాళ్లని దుకాణంలోంచి పంపేసిన రోజులున్నాయి. తీగ లాగాడు. బావమరిది ముందు నడుం వంచి, యంత్రం వెనక చెయ్యి పెట్టి తడుముకున్నాడు. బావమరిది ఆయన వేలు పట్టుకుని సరైన కన్నం చూపించాడు.

ఆవిడ ఆడింది. నాలుగో అంతస్తు. ఐదు, ఆరు. ఏడో మెట్టు మీద కుడి మడమ ఆనింది. నిలబడింది. ఎనిమిది, తొమ్మిది. ఐదో అంతస్తులో ఎవరో తలుపు తీసి, "ఇంత ఎండలో ఎక్కావా, కూర్చోరాదూ" అన్నారు. ఆవిడ నిలబడి వింటూండగా గంట కొట్టింది. గంట కొట్టాక కూడా ఆ మాట పూర్తయ్యేదాకా విన్నది.

తరవాత కలం తీసి ఫారం మీద ఎంపిక అని రాసింది. నాలుగో బల్ల. నెలరోజుల్లోపు అడుగుల లెక్క సరిగ్గా తిరగరాయాలని షరతు పెట్టింది. కూతురు తలూపింది. ఆవిడ ఖాళీగా ఉన్న రెండు గడులూ చూసి, మధ్యలో ఆ మరకేమిటని అడిగింది. జవాబు కోసం ఆగలేదు. తను చూసింది కంప్యూటర్ మీద కాబట్టి ఆ గడిలో టిక్కు పెట్టేసింది.

"కంట్రోలర్ నాదండి" అన్నాడు మెకానిక్.

"ఆ గడి ఫారంలో లేదండి" అంది ఆవిడ.

దిగేటప్పుడు మెట్ల మీద బావమరిది ఈల వేశాడు. ఇంకో పదమూడేళ్లకి సరిపడా సరుకు దొరికింది అతనికి. సోమవారం పొద్దున్నే సందులోంచి మొదలుపెట్టాడు. గడిలో ఎవరి టిక్కు పడింది? బాగుచేసింది దేని మీద? హద్దు రాసిందెవరు? మెకానిక్ ఒక కంట్రోలర్ విప్పి, స్పిరిట్టులో ముంచిన దూదితో తుడుస్తూ మధ్యాహ్నందాకా విన్నాడు. సరిచేసిన ఆటని ఆయన కన్సోల్‌లోకి ఎక్కిస్తానని కూతురు నిన్ననే అంది. వద్దన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు.

మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేనప్పుడు అడ్డం దాటి కుడివైపుకి వెళ్లాడు. ఎన్నాళ్లకో. బావమరిది లేచి నిలబడ్డాడు.

"నాలుగో అంతస్తు చూశావా ఎప్పుడైనా?"

చూడలేదన్నాడు బావమరిది. అన్నీ సర్దుకునేసరికి...

"రా."

ఎడమవైపు కుర్చీలో కూర్చోబెట్టి కంట్రోలర్ చేతిలో పెట్టాడు. బావమరిది ముందు సెట్టింగులు ఎక్కడున్నాయని వెతికాడు. లేవన్నాడు మెకానిక్. చేసేదేమీ లేక అతను ఎక్కడం మొదలుపెట్టాడు. మొదటి అంతస్తులో పక్కింటావిడ మాటకి నవ్వాడు. రెండో అంతస్తులో ఆగి మొత్తం విన్నాడు. మూడో అంతస్తు దాటేసరికి కుర్చీ అంచుకి జరిగాడు. నాలుగో అంతస్తులో వీధి గుమ్మం ముందుకి వచ్చి పడ్డాడు.

మళ్లీ ఎక్కాడు. మళ్లీ పడ్డాడు. కంట్రోలర్ తిరగేసి చూశాడు. తీగ ఊపాడు. టీవీ వెనక్కి తొంగిచూశాడు. వేళ్లు అలవాటు కొద్దీ స్క్రూడ్రైవర్ కోసం వెతుక్కున్నాయి. మెకానిక్ దాన్ని ముందే తీసి జేబులో పెట్టుకున్నాడు.

"తప్పు దీంట్లోనే ఉంది బావా."

"ఉంది" అన్నాడు మెకానిక్. "అయినా ఆడు."